తూర్పు తలుపు దగ్గరి బెంచీ

ఆ ఏడు కెటిల్ పోర్టులో పడిన మంచు గురించి ఆర్వో లాంపినెన్ చెప్పే మాటల్లో సగం కోసేసి నమ్మాలి. పోస్టుపెట్టె కనపడక పోస్ట్‌మాన్ ఉత్తరాలన్నీ పొగగొట్టంలో వేసిపోయాడట. అన్నీ పొయ్యిలో పడి బూడిదయ్యాయట గానీ అత్తగారి ఉత్తరం ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదట. పక్కింటివాడి కారే కదా అని పొద్దుటి నుంచి పారతో తవ్వుతూ పోతే బయటపడింది కారు కాదు, పక్కింటివాడేనట. "ఏమోయ్, ఇంత ఆలస్యమా?" అన్నాడట వాడు.

కోసిన సగం పోయినా మిగిలిన సగం తక్కువేమీ కాదు. సుపీరియర్ సరస్సు మీంచి గాలి అక్టోబరు చివర్లో మంచు మోసుకొచ్చి ఊరి నెత్తిన దించడం మొదలుపెడితే ఏప్రిల్ దాకా ఊపిరి తీసుకోదు. రాగి గనులు మూతపడ్డాక ఊరికి మిగిలిన దిక్కు కొండమీది కాలేజీ ఒక్కటే. అయినా ఊరివాళ్ళకు ఆ పిల్లలంటే గిట్టేది కాదు. కార్లు రోడ్డుకడ్డంగా వదిలేసి మధ్యాహ్నం దాకా నిద్రపోతారు. మంచు తోసే బండి వచ్చి, హారన్ కొట్టి కొట్టి, తిట్టుకుంటూ వెనక్కి పోతుంది. పిల్లలకేమో ఊరివాళ్ళు గనిలోంచి పొరపాటున పైకొచ్చి తిరిగి వెళ్ళే దారి మరచిపోయిన మనుషుల్లా కనపడేవారు.

ఈ రెండు జాతులూ ఒకే కప్పు కింద చేరేది శుక్ర, శనివారాల సాయంత్రాలు, కాలేజీ జట్టు లూన్స్ గడ్డకట్టించిన మంచు మీద హాకీ ఆడేటప్పుడు. చేరినా, పడమటి మెట్ల మీద ఊరు, తూర్పు మెట్ల మీద కాలేజీ. మధ్యన మంచుగడ్డ.

ఆ ఏర్పాటులో లెక్కకు రాని బెంచీ ఒక్కటే ఉండేది. తూర్పు తలుపు పక్కనే, నేలమట్టాన. అది ఆర్వోది, అతని భార్య లెంపిది. విద్యార్థుల గుంపంతా వాళ్ళ నెత్తిమీదే కూర్చున్నట్టు ఉండేది. డప్పు మోత ఆర్వో కుడి చెవిలో దూరి ఎడమ చెవి దాకా పోయేది కాదు, మధ్యలోనే కాపురం పెట్టేది. అయినా ఆ బెంచీ వదలకపోవడానికి కారణం లెంపి మోకాళ్ళు. బయట కారు దిగితే నాలుగు అడుగుల్లో తలుపు, తలుపు దాటితే బెంచీ. ఒక్క మెట్టెక్కే పని లేదు. పడమటి వైపైతే కింది వరసలన్నీ ఆటగాళ్ళవి. మిగతావాళ్ళు నిచ్చెన లాంటి మెట్లెక్కి కప్పు దాకా పోవాలి.

బెంచీతో వచ్చిన చిక్కల్లా ఆ తలుపే. ఆలస్యంగా వచ్చే పిల్లలు దాన్ని బార్లా తెరిచి వదిలేసేవారు. సరస్సు గాలి లోపలికొచ్చి లెంపి అల్లుతున్న ఊలు ఉండను దొర్లించుకుపోయేది. అప్పుడు ఆర్వో లేచి నిలబడి, గనిలో కేకలు వెయ్యడం అలవాటైన గొంతుతో అరిచేవాడు.

"ఓవి కీన్ని!"

తలుపు వెయ్యి, అంతే. ఫిన్నిష్ ఇళ్ళలో పుట్టిన పిల్లలు అమ్మ అనే మాటకన్నా ముందు విన్న మాట అది. ఊళ్ళో ముసలివాళ్ళలో సగంమంది ఆ కేక వింటే ఇప్పటికీ ఏ తలుపు కనపడితే అది మూసేస్తారు.

డిసెంబరులో ఒక శుక్రవారం ఆట మొదలవడానికి ముందు క్రీడల ఆఫీసు నుంచి స్టెబ్బిన్స్ అనే ఆయన వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని బెంచీ ముందు నిలబడ్డాడు. టోపీ తీశాడంటే ఎవరో పోయారనుకుంది లెంపి.

"లాంపినెన్ గారూ, వచ్చే ఏడాది నుంచి తూర్పు వైపంతా విద్యార్థులకే ఇచ్చేద్దామనుకుంటున్నామండీ. పిల్లలు ఎక్కువైపోయారు కదా. మీ ఇద్దరికీ పడమటి వైపు మంచి సీట్లు చూశాం. ఆట బ్రహ్మాండంగా కనపడుతుంది."

"మెట్లెన్ని?" అంది లెంపి అల్లిక ఆపకుండా.

"కొన్ని ఉంటాయండి."

"కొన్ని అంటే కుడి మోకాలికెన్ని, ఎడమ మోకాలికెన్ని?"

స్టెబ్బిన్స్ టోపీని గుండ్రంగా తిప్పాడు. "నా చేతిలో ఏముందమ్మా? పిల్లల సంఘం అడిగింది. మార్చి ఆఖర్లో వాళ్ళు ఓటేస్తారు. వాళ్ళు వద్దంటే నాకేం అభ్యంతరం?"

ఆయన వెళ్ళాక లెంపి చేతిలో ఉన్న వరస అల్లిక పూర్తిచేసింది.

"నువ్వెక్కు. నేను రేడియోలో వింటాను," అంది లెంపి చివరికి.

"నువ్వు లేకుండా నేనెందుకు? రెఫరీని తిట్టాక చొక్కా పట్టి కూర్చోబెట్టేవాళ్ళెవరు?"

"ఇంట్లో కూర్చుని గోడల్ని తిట్టుకుంటావా అయితే?"

"తిట్టుకుంటాను. గోడలైతే ఎదురు చెప్పవు."

మాట తేలిగ్గానే అన్నాడు. కానీ పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ మొదట కలిసి వెళ్ళిన చోటు అదే. గని మూతపడిన చలికాలం వాళ్ళిద్దరూ ఇంట్లో మాట్లాడుకోలేనివన్నీ ఆ బెంచీ మీద కూర్చుని, అరుపుల మధ్య, ఎవరికీ వినపడకుండా మాట్లాడుకున్నారు. వచ్చే ఏడు ఆ బెంచీ లేకపోతే శుక్రవారం సాయంత్రం ఏం చెయ్యాలో ఆర్వోకు తోచలేదు.

పిల్లల సంఘం అంటే ఎవరో అనుకున్నాడు గానీ, విరామంలో అది కాళ్ళు చేతులు వేసుకుని తనే దిగి వచ్చింది. పేరు కర్టిస్ ప్రూయిట్. పెద్ద డప్పు వాయించేది వాడే. కెంటకీ నుంచి గనుల చదువుకోసం వచ్చాడు. మంచు అంటే ఐసుపెట్టెలో ఉంటుందనుకునే దేశం వాళ్ళది. వచ్చిన మొదటి వారం సరస్సు గడ్డకడితే పడవలు ఎక్కడికి పోతాయని అడిగి ఊరంతటికీ పేరుపడ్డాడు.

"సార్, మీ మీద కోపంతో కాదండీ," అన్నాడు. "అవతలి జట్టు గోల్ కాచే గోలీ మూడు భాగాల్లో రెండు ఈ చివరే నిలబడతాడు కదా. మేం ఇక్కడ కూర్చుంటే వాడి చెవిలో అరవొచ్చు."

"మేం అరవడం లేదనా? నీ డప్పు పుట్టకముందు నుంచీ అరుస్తున్నానబ్బాయ్."

"మీరు ఇద్దరేగా సార్. ఈ బెంచీ మీద ఎనిమిదిమంది పడతారు."

"మీ ఎనిమిదిమంది ఎముకలూ కలిపితే మా ఆవిడ కోటంత ఉండవు. ఏమిటా బట్టలు? నిక్కరా? ఈ చలిలోనా?"

"పందెం కాశానండి."

"ఎవరితో, న్యుమోనియాతోనా?"

లెంపి నవ్వు ఆపుకుంది. కర్టిస్ కూడా నవ్వబోయి, తను ప్రత్యర్థినన్న సంగతి గుర్తొచ్చి గంభీరంగా బయటికి నడిచాడు, తలుపు బార్లా వదిలేసి.

ఆ సాయంత్రం లూన్స్ ఆట చూడలేనట్టుగా ఉంది. గోలీ మార్సెల్ గోత్యే, సరస్సు అవతల కెనడా నుంచి వచ్చిన సిగ్గరి కుర్రాడు, పక్ అనే ఆ రబ్బరు బిళ్ళ వచ్చినప్పుడల్లా దాన్ని అతిథిలా గోల్ లోపలికి రానిస్తున్నాడు. మూడో భాగం మొదలయ్యేసరికి పిల్లలు డప్పు కూడా ఆపేశారు. అవతలి జట్టువాడొకడు అందరినీ తప్పించుకుని, ఒంటరిగా, మార్సెల్ మీదికి దూసుకొచ్చాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. సూది పడితే వినపడేంత నిశ్శబ్దం.

సరిగ్గా అప్పుడే ఎవడో సోడా కొనుక్కుందామని తూర్పు తలుపు తీశాడు. గాలి లోపలికి దూకింది. లెంపి ఊలు ఉండ పరుగెత్తింది.

"ఓవి కీన్ని!"

ఆర్వో కేక కప్పుకు తగిలి తిరిగొచ్చింది. మార్సెల్ అదిరిపడి రెండు కాళ్ళూ టక్కున దగ్గరికి లాక్కున్నాడు. పక్ వచ్చి ఆ కాళ్ళకు కొట్టుకుని పక్కకు పోయింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత తూర్పు వైపు విరగబడి అరిచింది. అప్పటి నుంచి మార్సెల్ ఒక్క పక్‌ను కూడా లోపలికి రానివ్వలేదు. ఆట ఓడిపోయారు, అది వేరే విషయం.

మర్నాడు శనివారం. రెండోభాగంలో అవతలివాళ్ళు మీదికొస్తుండగా ఆర్వో నెత్తి మీద మూడువందల గొంతులు ఒక్కసారి పేలాయి.

"ఓవీ... కీనీ!"

ఆర్వో గభాల్న వెనక్కి తిరిగి చూశాడు. తలుపు మూసే ఉంది. మళ్ళీ అరిచారు. మళ్ళీ చూశాడు. మూసే ఉంది.

"లెంపీ, వీళ్ళకేమైంది? వేసిన తలుపును ఇంకా వెయ్యమంటారేమిటి?"

లెంపి అప్పటికే మఫ్లరు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

విరామంలో కర్టిస్ పరుగెత్తుకొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "సార్, నిన్న మీరు వేసిన ఆ యుద్ధనినాదం! దాని అర్థం ఏమిటండీ?"

ఆ ఒక్క నిమిషంలో ఆర్వో నిజం చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అడిగినవాడు కళ్ళింతవి చేసుకుని నిలబడి ఉండగా నిజం చెప్పడమన్నది ఆర్వోకు జన్మలో చేతకాలేదు.

"కూర్చో," అన్నాడు. బెంచీ మీద చోటిచ్చాడు. "పూర్వం మా ఫిన్లండులో గడ్డకట్టిన ఒక జలసంధి ఉండేది. అవతల గుర్రాల మీద శత్రుసైన్యం. ఇవతల మావాళ్ళు గుప్పెడుమంది. కత్తుల్లేవు. పట్టిన పైక్ చేపలు రాత్రికి రాత్రి గడ్డకట్టి ఉంటే వాటినే తోకలు పట్టుకుని నిలబడ్డారు. గడ్డకట్టిన పైక్ దెబ్బ ఎప్పుడైనా తిన్నావా?"

"లేదండీ."

"తినకు. గుర్రాలు మధ్యకొచ్చేసరికి మా నాయకుడు ఈ కేక వేశాడు. అంతే. ఆ కేకకు మంచు ఈ చివర నుంచి ఆ చివరకు చీలిపోయింది. గుర్రాలు గుటుక్కుమన్నాయి. ఇప్పటికీ అక్కడ వల వేస్తే జీను పడుతుందంటారు."

"మరి అర్థం?"

"అర్థం పైకి చెప్పకూడదు. చెబితే బలం పోతుంది."

కర్టిస్ గుడిలోంచి వస్తున్నవాడిలా మెల్లగా వెళ్ళాడు. ఈసారి తలుపు జాగ్రత్తగా మూశాడు.

"ఆర్వో," అంది లెంపి, "ఆ గుర్రాలు ఏదో ఒకరోజు తేలతాయి. తేలి, నేరుగా ఈ బెంచీ మీదికే వస్తాయి."

జనవరిలో పిల్లలు దుప్పటి మీద ఆ మాట ఎర్రరంగుతో రాసి వేలాడదీశారు. ఒక అక్షరం ఎగిరిపోయింది కూడా. అది చూసిన పడమటి వైపు ముసలివాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ నవ్వు వారం తిరక్కుండా ఊరంతా పాకింది. చదువుకునే పిల్లలు మూడువందలమంది గొంతు చించుకుని తలుపు వెయ్యమంటున్నారట, చూసొద్దాం రమ్మని, ఏళ్ళ తరబడి హాకీ ముఖం చూడనివాళ్ళు కూడా బయల్దేరారు. గ్యాలరీలు నిండిపోయాయి. వచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా? మొదట నవ్వడానికి అరిచారు, తర్వాత నిజంగానే అరిచారు. తూర్పు ఓవి అంటే పడమర కీన్ని అనేది. మార్సెల్ కాళ్ళు దగ్గరికి లాక్కునేవాడు.

ఆ అరుపులు బయటికి కూడా వచ్చాయి. మంచు బండి డ్రైవరు రోడ్డుకడ్డంగా ఉన్న కార్ల ముందు హారన్ మానేసి, కిటికీలోంచి ఆ కేకే వేసేవాడు. పిల్లలు పైజమాలతో పరుగెత్తుకొచ్చి, నవ్వుతూ కార్లు తీసేవారు. ఆట అయ్యాక చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళు పిల్లలకు వేడివేడి పాస్టీలు పెట్టడం మొదలుపెట్టారు. మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చిన ఆ పిండివంట మీద టొమాటో సాస్ పొయ్యాలా, గ్రేవీ పొయ్యాలా అని ఊరు ఏనాటి నుంచో రెండు వర్గాలు. పిల్లలు రెండూ పోసుకుని రెండు వర్గాలనూ సమానంగా బాధపెట్టారు. కర్టిస్‌ను ఆర్వో తన పెరట్లో సౌనా గదికి తీసుకెళ్ళి, రాళ్ళ మీద నీళ్ళు చల్లి ఆవిరిలో ఉడకబెట్టి, మంచులోకి తోశాడు. "ఇప్పుడేసుకో నిక్కరు," అన్నాడు.

బెంచీ సంగతి మాత్రం కర్టిస్ ఎత్తేవాడు కాదు. ఆర్వో కూడా అడగలేదు. ఓటింగు దగ్గరికొస్తోంది.

గుర్రాలను తేల్చింది హిల్యా సారి అనే పెద్దావిడ. పాస్టీ వడ్డిస్తూ, పాపం మంచి మనసుతోనే అడిగింది. "ఏం నాయనా, మీ హాకీ హాలు తలుపు ఎప్పటికీ బాగుచెయ్యరా? చలికాలమంతా వెయ్యమని అరుస్తూనే ఉన్నారు!"

మర్నాడు కర్టిస్ ఆర్వో ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఊరంతా మమ్మల్ని చూసి నవ్వుతోందా సార్ ఇన్నాళ్ళూ?"

"నవ్వింది నిజమే గానీ..."

"ఆ చేపలూ, జీనులూ మా నాన్నకు కూడా ఫోన్‌లో చెప్పాను. మా నాన్న పనిచేసేచోట అందరికీ చెప్పాడు." వాడు ఒక మెట్టు కిందికి దిగాడు. "మేం మీతో కలిసి అరుస్తున్నామనుకున్నాను. మీరు మమ్మల్ని ఆడిస్తున్నారు."

కర్టిస్ వెళ్ళిపోయాక కాఫీ చల్లారేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

"బెంచీ పోయినట్టే," అన్నాడు.

"బెంచీ పోతే పోనీ," అంది లెంపి. "ఆ పిల్లవాడు పోకూడదు. చూడు ఏం చేస్తావో."

శనివారం ఆ ఏటికి చివరి ఆట. దుప్పటి లేదు. డప్పు లేదు. తూర్పు వైపు పిల్లలు చేతులు కట్టుకుని, బెంచీ వైపు చూడకుండా కూర్చున్నారు. పడమటి వైపు ముసలివాళ్ళకు తప్పు చేసినవాళ్ళలా తలలు లేవలేదు. తలుపు ఎవరో తెరిచి వదిలేశారు. ఆర్వో కోటు కాలరు కొరుక్కుని ఊరుకున్నాడు, తర్వాత తనే లేచి వెళ్ళి మూసొచ్చాడు. మార్సెల్ వరసగా గోల్స్ ఇచ్చేస్తున్నాడు.

రెండో విరామానికి గంట మోగింది. ఆటగాళ్ళంతా లోపలికి పోతుంటే మార్సెల్ మాత్రం జారుకుంటూ తూర్పు వైపు అద్దపు అడ్డుగోడ దగ్గరికొచ్చి, మాస్కు పైకెత్తాడు. చలికాలమంతా పది మాటలు మాట్లాడనివాడు.

"ఏమర్రా, ఇవాళ ఎవరూ తలుపు వెయ్యరా?"

కర్టిస్ లేచాడు. "నీకు తెలుసా దాని అర్థం?"

"తెలియకేం? మా అమ్మమ్మ ఫిన్నిష్ మనిషే. చిన్నప్పుడంతా ఆవిడ నోట అదే మాట. తలుపు వెయ్యకపోతే చీపురు తిరగేసేది. మొదటిరోజు ఈయన అరిచాడు చూడు, అమ్మమ్మే వచ్చిందనుకుని హడలిపోయి కాళ్ళు దగ్గరికి లాక్కున్నాను. పక్ వచ్చి తగిలింది. ఆపింది నేను కాదు, భయం."

"మరి చెప్పలేదేం?"

"ఎవరడిగారు? అయినా గోలీ పని మరేముంటుంది, తలుపు వెయ్యడమేగా! మీరంతా తెలిసే అరుస్తున్నారనుకున్నాను."

ముందు నవ్వింది కర్టిసో, లెంపియో చెప్పడం కష్టం. నవ్వు మెట్లెక్కి పైకి పాకింది. ఆర్వో బెంచీ ఎక్కి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

"ఒరే అబ్బాయిలూ," అన్నాడు. "గుర్రాలు లేవు. జీనులూ లేవు. పైక్ చేపతో కొట్టడం మాత్రం నిజం, నన్ను కొట్టింది మా బావమరిది. కానీ మీరు అరిచిన ప్రతిసారీ నా ఒళ్ళు గగుర్పొడిచింది. అందులో అబద్ధం లేదు."

"ఆయన ఒళ్ళు తలుపు లోంచి వచ్చే గాలికి కూడా గగుర్పొడుస్తుంది," అంది లెంపి. "అయినా ఈసారికి నమ్మండి."

మూడో భాగంలో ఊరూ కాలేజీ కలిసి, అర్థం తెలిసి మరీ అరిచిన అరుపుకు కప్పు మీది మంచు జారి బయట స్టెబ్బిన్స్ కారు మీద పడిందంటాడు ఆర్వో. అది కోసి నమ్మండి. ఒక్క గోల్ తేడాతో ఓడిపోవడం మాత్రం నిజం. ఇంటికి ఎవరూ ముఖం వేలాడేసుకుని పోలేదు.

ఓటింగు సోమవారం అయింది. సాయంత్రం కర్టిస్ వచ్చి, ఈసారి లోపలికొచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"తూర్పు వైపంతా మాకే అని ఓటేశామండీ," అన్నాడు. "పిల్లలకు చోటు చాలడం లేదు, అది నిజమే. ఈ బెంచీ ఒక్కటి మీకు వదిలెయ్యమని కూడా రాశాం. స్టెబ్బిన్స్ గారు కుదరదన్నారు. విద్యార్థుల వైపు విద్యార్థులే ఉండాలట. బెంచీకి ఒక్క అతిథినే రానిస్తారట, అంతే. నేను ఒక్కరినే తేగలను. అందుకని..." వాడి ముఖం ఎర్రబడింది. "అందుకని మీలో ఒకరు విద్యార్థి అయిపోతే?"

ఆర్వో పడీపడీ నవ్వాడు. "నేనా? ఆరో తరగతిలో బల్ల కింద కప్పను వదిలినందుకు టీచరమ్మ ఇప్పటికీ నన్ను క్షమించలేదు."

"మిమ్మల్ని కాదండీ," అన్నాడు కర్టిస్.

ఇద్దరూ లెంపి వైపు చూశారు. లెంపి అల్లిక పక్కన పెట్టింది.

"వారానికి ఒక్క క్లాసు తీసుకున్నా విద్యార్థే అంటారా?"

"అంటారండీ. ముసలివాళ్ళకు, అంటే పెద్దవాళ్ళకు, ఎన్నో ఉన్నాయి. కుండలు చెయ్యడం, ఫ్రెంచి..."

"రాళ్ళ గురించి చెప్పే క్లాసు ఉందా?"

"జియాలజీయా? మా డిపార్ట్‌మెంటే! మెట్లు కూడా లేవు, కింది అంతస్తే. కానీ అది కష్టమండీ."

"కష్టమైతే కానీ. గనిలో ఏం చూశాడో, ఏ రాయి ఏమందో ఈయన నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతున్నాడు. అందులో ఎంత నిజమో తేల్చుకోవాలి."

ఆర్వో నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ సెప్టెంబరు నుంచి లాంపినెన్ వారి వంటింటి బల్ల మీద రాళ్ళు పరిచి ఉండేవి. గురువారాలు కర్టిస్ వచ్చి పాఠం చెప్పేవాడు. ఆర్వో గిన్నెలు కడిగేవాడు. ఆవిడ పరీక్ష తప్పితే సీటు పోతుంది కాబట్టి ఇంట్లో గట్టిగా దగ్గడం కూడా మానేశాడు. మధ్యమధ్య లెంపి ఒక రాయి ఎత్తి చూపించి, "ఆర్వో, నువ్వు పళ్ళతో కొరికానన్నది దీన్నేనా?" అని అడిగేది. అతను కుళాయి పెద్దగా తిప్పేవాడు.

హాకీ మొదలైన మొదటి శుక్రవారం తలుపు దగ్గర టిక్కెట్లు చూసే పిల్ల లెంపి కాలేజీ కార్డు చూసి దారిచ్చి, ఆర్వోను ఆపింది. "మీరు ఎవరండీ?"

"ఈవిడ అతిథిని," అన్నాడు ఆర్వో. జీవితంలో మొదటిసారి అతను అంత పొట్టి నిజం చెప్పాడు.

బెంచీ మీద ఎనిమిదిమందీ ఒదిగి కూర్చున్నారు, మధ్యలో వాళ్ళిద్దరూ. డప్పు మొదలైంది. రెఫరీ మొదటి తప్పు చెయ్యగానే ఆర్వో లేచి ఆ రెఫరీ పూర్వీకుల కంటిచూపు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. లెంపి ఒళ్ళో పుస్తకం మీంచి తలెత్తకుండానే అతని చొక్కా పట్టి కిందికి లాగింది.

"కాస్త మెల్లగా అరువయ్యా. సోమవారం నాకు పరీక్ష."